అప్‌డేట్: అక్షరాస్యత రేఖాచిత్రాన్ని మళ్ళీ గీశాను

మా ఊరి గ్రంథాలయం గోడకు నేను అతికించిన కమ్మీ రేఖాచిత్రాన్ని చూసినవారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత పదేళ్ళలో రెండున్నర రెట్లు పెరిగిందని ఎందుకు అనుకుంటున్నారని గత నెల మిమ్మల్ని ఇక్కడ అడిగాను; నిలువు అక్షాన్ని సున్నా నుంచి గీయమన్నారు. జనగణన ప్రకారం అది 2001లో 50.43 శాతం, 2011లో 59.15 శాతం. పొరపాటు నాదే: నిలువు అక్షాన్ని 45 నుంచి మొదలుపెట్టాను. శాతానికి ఒక సెంటీమీటరు లెక్కన గీయడంతో మొదటి కమ్మీ అయిదున్నర సెంటీమీటర్లు కూడా లేదు, రెండోది పద్నాలుగు దాటింది.

మీరు చెప్పినట్టు సున్నా నుంచి గీస్తే ఆ అపోహ తొలగింది గానీ, జరిగిన అసలు మార్పు కూడా కంటికి ఆనలేదు. అందుకని కమ్మీలు వదిలేసి, ఎడమవైపు 2001, కుడివైపు 2011 ఉంచి, విలువలను చుక్కలుగా పెట్టి, పురుషులవి (70.32, 74.88) ఒక గీతతో, స్త్రీలవి మరో గీతతో కలిపాను. కమ్మీ విలువను పొడవుతో చెబుతుంది కాబట్టి దానికి సున్నా తప్పనిసరి; చుక్క తన స్థానంతో చెబుతుంది కాబట్టి దానికి ఆ నిర్బంధం లేదు. అయినా అక్షం 45 దగ్గర మొదలవుతుందని కిందనే స్పష్టంగా రాశాను. ఒకే స్కేలు మీది స్థానాలను మన కన్ను పొడవు, కోణం, వైశాల్యాల కంటే కచ్చితంగా పోల్చుకుంటుందని గణాంక పరిశోధకులు క్లీవ్‌లండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలతో చూపారు.

స్త్రీపురుషుల మధ్య అంతరం 19.89 నుంచి 15.73 శాతం పాయింట్లకు తగ్గిన సంగతి ఇప్పుడు గీతలు దగ్గరపడటంలోనే కనిపిస్తోంది. రంగుల సూచిక పెట్టెను తీసేసి, ‘స్త్రీలు’, ‘పురుషులు’ అని గీతల చివరనే రాశాను. నిన్న ఒక పెద్దావిడ స్త్రీల గీతను ఎడమ నుంచి కుడికి వేలితో నిమిరి, “పైకి వచ్చాం గానీ ఇంకా కిందనే ఉన్నాం గదా నాయనా” అన్నారు. జిల్లాలవారీ రేఖాచిత్రాలను కూడా ఇదే స్కేలు మీద గీస్తున్నాను.