బొగ్గు గనిలో సర్దార్ పని ఆపమంటే నిజంగా ఆగుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

సొరంగం_శీను:
అందరికీ నమస్తే. మాది మంచిర్యాల వైపు, మైనింగ్ డిప్లొమా చేశాను. ఇప్పుడు బెంగళూరులో మెట్రో సొరంగం పనిలో ఒక సబ్ కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్, సర్దార్ సర్టిఫికెట్లు అన్నీ చేతిలో ఉన్నాయి. ఈ మధ్య ఒక అండర్‌గ్రౌండ్ బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్ (గనిలో ఒక భాగాన్ని తనిఖీ చేసి అక్కడి మనుషుల భద్రత చూసే సూపర్‌వైజర్) పోస్టుకు పిలుపు వచ్చింది. ఇంట్లో వాళ్లకు సంతోషమే, టెన్షన్ అంతా నాకే, ఎందుకంటే అలాంటి చోటే చేసి వచ్చిన మా సీనియర్ ఒకతను, షిఫ్టుకు ముందు తనిఖీ రిపోర్టు కిందికి దిగకముందే రాసేస్తారు, కప్పు బాగాలేదని పని ఆపితే నువ్వు అక్కడ నిలవలేవు అన్నాడు. రూల్సు పరీక్ష కోసం చదివినవే. పైవాళ్లు కానివ్వమంటే సర్దార్ కుదరదని చెప్పగలడా? ఏదైనా జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బొగ్గుబాయి_పెద్దమనిషి:
బాబూ, నేను సింగరేణి బాయిలో సర్దార్‌గా చేరి ఓవర్‌మన్‌గా (సర్దార్లకు పైన ఉండే సూపర్‌వైజర్) రిటైరయ్యాను, ఇప్పుడు మారతహళ్లిలో కూతురి దగ్గర ఉంటున్నాను. కుదరదని చెప్పగలవు, చెప్పి తీరాలి కూడా. మేనేజర్ నీకు ఒక డిస్ట్రిక్ట్, అంటే గనిలో ఒక భాగం, రాతపూర్వకంగా అప్పగిస్తాడు. ఆ డిస్ట్రిక్ట్‌లో ప్రమాదం కనిపిస్తే మనుషుల్ని వెనక్కి పంపి దారికి అడ్డం కట్టించడం నీ డ్యూటీ, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆ తర్వాత అక్కడికి వెళ్లేది సరిచేసే వాళ్లే. బొగ్గు గనుల 1957 రెగ్యులేషన్స్‌లోనూ ఇదే ఉంది, వాటి స్థానంలో వచ్చిన 2017 వాటిలోనూ ఇదే ఉంది. ఓవర్‌మన్ అడిగినా, అండర్ మేనేజర్ అడిగినా, బాగయ్యేదాకా మనుషుల్ని పంపనని చెప్పు.

ఇక రిపోర్టు సంగతి. మీ సీనియర్ చెప్పింది చాలాచోట్ల జరుగుతుంది, అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను. షిఫ్టు మనుషులు ఫేస్ (బొగ్గు తవ్వే చోటు) దగ్గరికి చేరకముందే నువ్వు ప్రతి పని చోటుకూ, వాళ్లు నడిచే దారికీ స్వయంగా వెళ్లాలి. కర్రతో కప్పును తట్టి, రెండో చేయి కప్పుకు ఆనించి చూడు. గట్టి బండయితే ఖంగుమంటుంది, పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడొస్తుంది, చేతికి అదురు తెలుస్తుంది. జంక్షన్ల దగ్గర ఇంకా ఎక్కువసేపు చూడు, నాలుగు దారులు కలిసే చోట కప్పుకు ఆధారం తక్కువ. కప్పును పట్టి ఉంచే బోల్టులు, దిమ్మెలు సపోర్ట్ ప్లాన్‌లో ఉన్న దూరంలోనే ఉన్నాయా లేదా చూడు. గ్యాస్ అంటే అందరికీ భయం, ఉండాల్సిందే, కానీ మన దేశంలో అండర్‌గ్రౌండ్‌లో ఏళ్ల తరబడి ఎక్కువ ప్రాణాలు తీసింది కప్పూ పక్కగోడలూ కూలడమే. పైన కూర్చుని రాసిన రిపోర్టులో ఈ చప్పుడు ఎక్కడ వినపడుతుంది? దాని కింద పెట్టిన సంతకం మాత్రం నీదే, ఎంక్వయిరీకి వచ్చే డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ శాఖ) వాళ్లు మొదట తెరిచేది ఆ పుస్తకమే.

ఇంకొకటి, నిన్ను రిలీవ్ చేసే మనిషి రాకుండా డిస్ట్రిక్ట్ వదిలి రాకు. టీ తాగి వద్దామని కూడా.

పీణ్య_ఇన్‌స్ట్రుమెంట్స్:
నేను పీణ్యలో గ్యాస్ సెన్సర్లు క్యాలిబ్రేట్ చేసే పనిలో ఉన్నాను, గనులకు వెళ్లే మీటర్లు కూడా మా బెంచీ మీదికి వస్తాయి. పెద్దాయన చెప్పిన దానికి గ్యాస్ గురించి నాకు తెలిసింది కలుపుతాను. ఏ చోటైనా మీథేన్ 1.25 శాతం దాటితే మనుషుల్ని బయటికి తీసుకురావాలి, అక్కడి కరెంటూ ఆపాలి. డిస్ట్రిక్ట్ నుంచి తిరిగొచ్చే గాలిలో 0.75 శాతం దాటకూడదు. గాలిలో దాదాపు 5 నుంచి 15 శాతం మధ్య అది పేలుతుంది కాబట్టి, 1.25 దగ్గర ఆపమంటే చేతిలో కాస్త టైమ్ ఉండగానే ఆపమని. చాలామంది మీటరును ఛాతీ దగ్గర పట్టుకుని చూసి 'నిల్' అని రాసేస్తారు. మీథేన్ గాలి కన్నా తేలిక, కప్పు కిందే, కూలిన గుంతల్లో పైకి చేరి ఉంటుంది, అక్కడికి మీటరు అందించాలి. ఆక్సిజన్ తక్కువున్న చెడు గాలి అయితే డిప్ (పల్లం) వైపు, తవ్వి వదిలేసిన పాత పనుల దగ్గర నేలబారుగా ఉంటుంది. ఇంకో బాధ ఏమిటంటే, కొన్ని మీటర్ల ముందు భాగం బొగ్గు ధూళితో పూర్తిగా పూడుకుపోయి వస్తుంది. అలాంటి మీటరు గ్యాస్ ఉన్నా సున్నా చూపిస్తుంది, కాబట్టి తీసుకునేటప్పుడే క్యాలిబ్రేషన్ తేదీ అడగండి.

కోలారు_వాళ్లబ్బాయి:
మా నాన్న కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు)లో చేశారు, 2001లో మూసేసేదాకా. బంగారు గనులకు రెగ్యులేషన్స్ వేరు, 1961వి, అక్కడ ఓవర్‌మన్ స్థానంలో ఫోర్‌మన్, సర్దార్ స్థానంలో మేట్ ఉంటారు. పేర్లు మారినా మనుషుల్ని వెనక్కి రప్పించే బాధ్యత అదే. శీనూ, నీ మెట్రో సొరంగం గనుల రూల్సు కిందికి రాదు కాబట్టి అక్కడి అలవాట్లతో వెళ్లకు.

సొరంగం_శీను:
చాలా థ్యాంక్స్ సార్, అందరికీ. పని ఆపానే అనుకుందాం, నన్ను పక్కన పెట్టి వేరే సర్దార్‌తో చేయిస్తే? అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? బయటి రాష్ట్రం, నాకు అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

బొగ్గుబాయి_పెద్దమనిషి:
చేస్తారు, లేదని అబద్ధం చెప్పను. ఒకసారి గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ) అంచున కప్పు కదులుతోందని నేను మనుషుల్ని లాగేస్తే, పైఅధికారి నన్ను ఆ షిఫ్టు నుంచి మార్చేశాడు. కానీ నేను పుస్తకంలో చోటు, టైమ్, కనిపించింది, ఎవరికి చెప్పాను అన్నీ రాసి పెట్టాను, నా తర్వాత వచ్చిన సర్దార్ అది చదివి తనూ దిగనన్నాడు. నోటితో చెప్పింది గాలికి పోతుంది బాబూ, రాయి.

నువ్వు ఒంటరివి కూడా కాదు. వంద మంది దాటిన గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలి, ఐదువందలు అంతకు పైబడిన చోట యూనియన్లతో మాట్లాడి పెట్టిన, కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. చేరిన మొదటి వారంలోనే వాళ్లెవరో కనుక్కో. అక్కడా కదలకపోతే ఆ ఏరియా డీజీఎంఎస్ ఆఫీసుకు ఉత్తరం రాయి, చోటే మూయించే అధికారం వాళ్లకు ఉంది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. 1975లో చస్నాలా బొగ్గు గనిలో 375 మంది, 2003లో మన గోదావరిఖనిలో 17 మంది పోయింది నీళ్లు దూసుకొచ్చే. నీళ్లు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందు పర్మిషన్ కావాలి. కాబట్టి నీ డిస్ట్రిక్ట్ ప్లాన్ అడిగి పాత పనులు ఎంత దూరమో చూడు, ఫేస్‌లో కొత్తగా చెమ్మ కనిపించినా అదే రోజు రాసి పంపు. ఇంటర్వ్యూలో కూడా ఒకటి అడుగు, సర్దార్‌కు ఎంత పెద్ద డిస్ట్రిక్ట్ ఇస్తారని. పని మొదలయ్యేలోపు నువ్వు నడిచి తట్టి చూడలేనంత పెద్దదైతే ఆ ఉద్యోగంలో చేరకు.