వరంగల్ పర్యావరణ పాదముద్ర: పత్తి, బొగ్గు లెక్కలో కలపాలా?

ప్రశ్న: నమస్తే. వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిపి పర్యావరణ పాదముద్రను, అంటే ఊరి వాడకానికి కావాల్సిన నేలను, గ్లోబల్ హెక్టార్లలో (ప్రపంచ సగటు ఉత్పాదకత ఉన్న హెక్టార్లు) లెక్కగట్టాలి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి, చెల్పూరు థర్మల్ ప్లాంటు బొగ్గు కలపాలా?

జవాబు 1: రెండూ వద్దన్నా. ఇది వాడకం లెక్క. ఊరివాళ్లు కొన్న బట్టలే పట్టుకోండి. కరెంటుకు మీటర్ల యూనిట్లు తీసుకుని, లైను నష్టం కలిపి, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేయండి. పైన బొగ్గు కూడా వేస్తే ఒకే పొగ రెండుసార్లు పడుతుంది. 14.2 కిలోల గ్యాస్ బండకు దాదాపు 42 కిలోలు. సముద్రాలు పీల్చుకునే వాటా తీసేశాకే మిగతాది పీల్చే అడవి హెక్టార్లుగా మార్చాలి.

జవాబు 2: ఎక్కువగా తప్పేది బియ్యం దగ్గర. మనిషికి నెలకు 10 కిలోలనుకుంటే ఏడాదికి 120 కిలోలు. మిల్లులో 67 శాతం వస్తుంది కాబట్టి దాదాపు 180 కిలోల వడ్లు. దాన్ని ప్రపంచ సగటు దిగుబడితో భాగిస్తే పంటభూమి సమాన గుణకం (పంటభూమిని గ్లోబల్ హెక్టార్లుగా మార్చే సంఖ్య) ఒక్కటే చాలు. మన జిల్లా దిగుబడితో భాగిస్తే దిగుబడి గుణకం (మన దిగుబడి ప్రపంచ సగటుకు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) కూడా వేయాల్సిందే. అది వదిలేస్తే వేరే ఊరితో పోల్చలేం.

జవాబు 3: హైదరాబాద్ రోడ్డు బంకుల అమ్మకాలు మొత్తం వేయకండి, దారినపోయే లారీల డీజిల్ కూడా అందులోనే ఉంటుంది. ఇళ్ల సర్వే చేయడం మేలు. ధర్మసాగర్ చెరువు నీళ్లకు విడిగా హెక్టార్లు లేవు, పంపుల కరెంటే లెక్క.