ఒక్కో లైన్లో ఒక్కో క్రమం: సాస్‌లో ఈ ఫైల్ చదివించేదెలా?

మారతహళ్లి_పీజీ:
అందరికీ నమస్కారం. బెంగళూరులో క్లినికల్ సాస్ (మందుల ట్రయల్స్ డేటాకి వాడే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నాను. ప్రాక్టీసుకి ఇచ్చిన టెక్స్ట్ ఫైల్లో 640 లైన్లు. ఒకదాంట్లో ఐడీ, వయసు, బరువు, బీపీ. తర్వాతి దాంట్లో బీపీ ముందు, వయసు చివర. కొన్నిట్లో బరువే లేదు. చాలావాటికి "ఏజ్:58 డబ్ల్యూటీ:61" అని పేర్లున్నాయి (డబ్ల్యూటీ అంటే బరువు), కొన్ని ఒట్టి అంకెలే. మామూలుగా చదివిస్తే ఒకావిడ వయసు 132 వచ్చింది! రెండు రాత్రులుగా నిద్ర లేదు, దారి చెప్పండి.

అనంత_సీమ:
పేర్లున్న లైన్లకి నేమ్డ్ ఇన్‌పుట్ వాడు తమ్ముడూ. ఇన్‌పుట్‌లో (లైన్ చదివించే ఆదేశం) వేరియబుల్ పక్కన = పెడితే ఏది ముందొచ్చినా దాని చోటుకే వెళ్తుంది. నీకు కోలన్లున్నాయి కాబట్టి ముందు "ఇన్‌పుట్ @" తో లైన్ పట్టుకో, _ఇన్‌ఫైల్_లో (పట్టుకున్న లైన్ ఇందులోనే ఉంటుంది) కోలన్లని =గా మార్చు, తర్వాత @1 (లైన్ మొదలు) నుంచి చదివించు.

కడప_కారం:
మార్చేముందు ఫైల్లో టైమ్ ఉందేమో చూసుకో. 10:30 కాస్తా 10=30 అవుతుంది. నాకు జరిగింది, పట్టుకోడానికి పూట పట్టింది.

వైట్‌ఫీల్డ్_అక్క:
నేను @'ఏజ్:' అని మాట వెతికించి చదువుతాను. దాంతో బాగా దెబ్బలు తిన్నాను కాబట్టి చెప్తున్నా. పాయింటర్ (లైన్లో చదువుతున్న స్థానం) ఉన్నచోటు నుంచి ముందుకే వెతుకుతుంది, వెనక్కి చూడదు. అందుకే ప్రతి పేరుకీ ముందు @1కి రావాలి. ట్రంకోవర్ (లైన్ దాటి చదవకుండా ఆపే ఆప్షన్) పెట్టకపోతే ఇంకా ప్రమాదం: ఆ మాట లైన్లో లేకపోతే కింది లైన్లోకి దిగి, పక్క పేషెంట్ బరువు తెచ్చి ఈ పేషెంట్‌కి రాస్తుంది. లాగ్‌లో ఎర్రగా ఏమీ రాదు, కొత్త లైన్‌కి వెళ్లానని ఒక నోట్ అంతే. దయచేసి నోట్లు చదవండి. 'బీపీ:' అని వెతికితే 'డీబీపీ:' (బీపీలో కింది అంకె) లోపల కూడా దొరుకుతుంది, అదీ గుర్తుంచుకో.

అల్లం_చాయ్:
ఆర్‌లో (ఇంకో ప్రోగ్రామింగ్ భాష) అయితే రీడ్‌లైన్స్‌తో తెచ్చి, పేరు-విలువ జంటలుగా విడగొట్టి నిలువుగా పేర్చి, చివర పివట్_వైడర్‌తో ఒక్కో పేరుని ఒక్కో కాలమ్ చేస్తాను.

అనంత_సీమ:
సాస్‌లో అదే పని స్కాన్ ఫంక్షన్‌తో ముక్కలు విడగొట్టి, ప్రాక్ ట్రాన్స్‌పోజ్‌తో నిలువుని అడ్డంగా తిప్పి చేయొచ్చు. ఒకే పేషెంట్‌కి బీపీ రెండుసార్లుంటే ట్రాన్స్‌పోజ్ ఎర్రర్ ఇస్తుంది. లెట్ ఆప్షన్ (రెండుసార్లు వచ్చినా ఒప్పుకునేది) పెట్టి దాని నోరు మూయించొద్దు. రెండోది ఎక్కణ్ణించి వచ్చిందో చూడు.

మారతహళ్లి_పీజీ:
మరి పేర్లు లేనివి? వయసు సాధారణంగా బరువుకంటే తక్కువ కదా, అలా సర్దేస్తే?

వైట్‌ఫీల్డ్_అక్క:
వద్దమ్మా. 120/80కి గీత ఉంది కాబట్టి బీపీ అని తెలుస్తుంది. 58, 61లో ఏది వయసో ఎలా తెలుస్తుంది? మా పాత టీమ్‌లో ఒకరు సరిగ్గా ఇలాగే సర్దారు. బరువును బట్టి డోసు లెక్కకట్టే స్టడీ అది. రివ్యూలో దొరికింది కాబట్టి సరిపోయింది, ఆ వారం ఎవరం సరిగా తిండి తినలేదు. అలాంటివి మిస్సింగ్‌గా (ఖాళీగా) ఉంచి, అసలు లైన్ మొత్తం ఒక కాలమ్‌లో దాచి, ఇచ్చినవాళ్లని అడుగు.

మారతహళ్లి_పీజీ:
అక్కా, అన్నా, 611 లైన్లు సరిగ్గా వచ్చాయి! ఆ 132 ఆవిడ అసలు వయసు 47, ఆ 132 బీపీలో పై అంకె. మిగిలిన 29 లైన్లు అసలు పాఠంతో సహా సార్‌కి పంపాను. ఒకటే మిగిలింది: ట్రాన్స్‌పోజ్‌లో ఇద్దరికి ఐడీ ఒకటే వస్తోంది, వయసులు మాత్రం వేరు.

అనంత_సీమ:
ఆ రెండు అసలు లైన్లు ఇక్కడ పెట్టు, చూద్దాం.