పండక్కి మావారు మందు జోలికి పోకుండా ఎలా గట్టెక్కాలి?

ఆకివీడు కోడలు:

అందరికీ నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మావారివి రొయ్యల చెరువులు. వరసగా వైట్ స్పాట్ తెగులు వచ్చి పంటలు పోయాయి. అప్పట్నుంచి రాత్రిళ్లు గట్టు మీద షెడ్డులోనే పడుకునేవారు. కరెంటు పోయి చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయేమోనని భయం, ఆ భయానికి తోడు క్వార్టరు సీసా. క్వార్టరు కాస్తా ఫుల్ బాటిలయింది. పొద్దున్నే చేతులు వణికి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవారు. వానాకాలంలో ఆసుపత్రిలో చేర్చి మాన్పించాం. ఇప్పటిదాకా చుక్క ముట్టలేదు. డాక్టరుగారు రాసిన, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు.

ఇప్పుడు భోగి దగ్గర పడింది. మా మరిది హైదరాబాద్ నుంచి స్నేహితుల్ని వెంటేసుకుని వస్తాడు. మూడు రోజులూ పగలు కోడిపందేల బరి దగ్గర మకాం, రాత్రి మా మేడ మీద సీసాలు. నిన్న ఫోన్లో "పండగ రెండ్రోజులూ మాత్ర ఆపేస్తే ఏమవుద్ది వదినా" అన్నాడు. సీసా మందు వద్దుగానీ పొద్దున్నే దింపిన ఈత కల్లు ఓ గ్లాసు తాగితే తప్పేంటని అత్తయ్యగారు.

ఈయనకి రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు, వసారాలో కూర్చునుంటారు. మొన్న "నేను లేకపోతే మీకీ బాకీల బాధ తప్పుద్ది" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. పండగ మానేసి పుట్టింటికి తీసుకుపోనా?

తణుకు మందుల షాపు:

అమ్మా, మాత్ర ఆపి తాగడమనే ఆలోచన మీ మరిదిగారు మానుకోవాలి. డైసల్ఫిరామ్ ఆపేశాక కూడా రెండు వారాల వరకూ ఒంట్లో పనిచేస్తుంది. భోగి ముందు ఆపి కనుమకి తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి కూడా రావచ్చు. కల్లయినా అంతే. దింపిన కొద్ది గంటలకే పులుస్తుంది, అందులో ఉండేదీ ఆల్కహాలే. దగ్గు సిరప్ కొన్నా ఈ మాత్ర సంగతి చెప్పి కొనండి. పొరపాటున తాగితే మాత్రం దాచకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెలియకుండా కూరలో కలిపి పెట్టమని ఎవరైనా పొడులిస్తే తీసుకోవద్దు.

రాజోలు కొబ్బరి వ్యాపారి:

చెల్లెమ్మా, పండగ సంగతి తర్వాత. ముందు ఆ బాకీల మాట. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. మందు మానిన కొత్తలో మా అక్క నన్ను అలాగే అడిగింది. అప్పటిదాకా నోరు పెగలని నేను ఆ రాత్రి తెల్లవార్లూ మాట్లాడాను. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి. కాదన్నా పండగ ముందే ఒకసారి చూపించండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో, షెడ్డులో ఉన్న పురుగుమందులు, చెరువు మందులు ఇవాళే ఇంకొకరింటికి పంపేయండి. ఇది ఆలస్యం చెయ్యొద్దు.

మందు మానేశాడు కాబట్టి అన్నీ సర్దుకుంటాయని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నాకైతే అసలు కష్టం మానేశాకే మొదలైంది. అప్పులు, పాడైన చుట్టరికాలు అన్నీ ఒకేసారి కళ్లకి కనపడ్డాయి. నిద్ర నెలల తరబడి చెడుతుంది, అది చాలామందికి ఉండేదే. మనసు మాత్రం వారాలు గడిచినా తేరుకోకపోతే అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యముంది.

ఇక పండగ. మీరు రాసినదాంట్లో మరిది మాటుంది, అత్తగారి మాటుంది, ఆయన మాట లేదు. ఆయనకేం కావాలో అడగండి. మేడ మీద సీసా ఉండకూడదని తమ్ముడికి ఆయనే చెబితే మంచిది, వల్లకాకపోతే మీ మావగారు చెప్పాలి. బరి వైపు అసలు వెళ్లొద్దు. పందెం పోయినా గెలిచినా అక్కడ చేతికొచ్చేది గ్లాసే. సాయంత్రం చీకటి పడే వేళ కడుపు ఖాళీగా ఉండనివ్వకండి. తాగాలన్న తపన వచ్చినా చాలాసార్లు అరగంటలో తగ్గుతుంది, ఆ అరగంటా పక్కన మనిషుండాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని మందు మానాలనుకునేవాళ్ల సంఘం ఉంది, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులే మొదలుపెట్టారు, ఒకాయన సర్జను. ఫీజు లేదు. నాకు అర్ధరాత్రి ఫోనెత్తే మనిషి ఆ మీటింగుల్లోనే దొరికాడు.

కనుమ నాడు చించినాడ వంతెన దాటి మా వైపు రండి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి. పదకొండు ఊళ్ల శివుళ్లు, అంటే రుద్రులు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు అగ్రహారం వాళ్లు ప్రభని భుజాల మీద మోసుకుంటూ కౌశిక నది నీళ్లలోంచి దాటించడం చూడాల్సిందే! నేనేటా మా ఊరి ప్రభతో నడుస్తాను. మానినవాడికి పండగపూట చేతినిండా పనుండాలి, ఇంట్లో దాచిపెడితే ఆ మూడు రోజులూ మరీ బరువు.

పాలకొల్లు అక్క:

అన్నయ్యగారు చెప్పినవన్నీ నిజమే గానీ, పుట్టింటికి వెళ్లడం దాచడం కాదండి. మరిది వినకపోతే నిస్సంకోచంగా వెళ్లిపోండి, ఊరు ఏమన్నా అననీండి. ఇంకోటి, ఆయన జేబులు వెతకడం, నోరు వాసన చూడడం లాంటివి చేస్తుంటే ఆపేయండి. మా ఇంట్లో గొడవలన్నీ దాంతోనే. కుటుంబాల కోసం అల్-అనాన్ మీటింగులు వేరే ఉన్నాయి. మీరు కూడా వేళకి తిని, పడుకోండమ్మా.

ఆకివీడు కోడలు:

ఆ రాత్రే అడిగానండి. చాలాసేపు నేల చూస్తూ ఉండి "అప్పుడప్పుడు అనిపిస్తోంది" అన్నారు. తెల్లారేదాకా ఇద్దరం మేలుకునే ఉన్నాం. పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి వెళ్లొచ్చాం. మనసుకి మందు రాశారు, వారంలో మళ్లీ రమ్మన్నారు. పురుగుమందుల డబ్బాలన్నీ మా అన్నయ్య పట్టుకెళ్లాడు. అత్తయ్యగారికి కల్లు సంగతి డాక్టరుగారే చెప్పారు, ఇక ఆ మాట ఎత్తలేదు. మరిదికి మావారు తనే ఫోన్ చేస్తానన్నారు, ఇంకా చెయ్యలేదు. జగ్గన్నతోటకి వెళ్దామంటే మాత్రం సరే అన్నారు. కారు ఎక్కడిదాకా వస్తుందో, ఎన్నింటికల్లా అక్కడుండాలో చెబుతారా అన్నయ్యగారూ?