అప్‌డేట్: అమ్మ థైరాయిడ్ గడ్డకు సూది పరీక్ష అవసరమా?

మొదటి అల్ట్రాసౌండ్ రిపోర్టులో 1.2 సెం.మీ. గడ్డ, టైరాడ్స్ 4 (గడ్డ క్యాన్సర్ కావచ్చన్న అనుమానం ఎంతో 1 నుంచి 5 వరకు చెప్పే స్థాయి) అని మాత్రమే ఉంది. సూది పరీక్ష (సన్నని సూదితో గడ్డలోని కణాలు తీసి చూడడం) చేయించాలా అని ఇక్కడ అడిగాను. బెంగళూరులోనే వేరేచోట మళ్లీ స్కాన్ తీయించాం, 2017 ఏసీఆర్ (అమెరికా రేడియాలజీ వైద్యుల సంస్థ) పద్ధతిలో పాయింట్లు విడివిడిగా రాయమని చెప్పి. గట్టి గడ్డ కాబట్టి 2, చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా ఉంది కాబట్టి 2. అంచులు నునుపు, తెల్ల చుక్కలు లేవు, వాటికి 0. మొత్తం 4 పాయింట్లు, అంటే టైరాడ్స్ 4.

అసలు కీలకం ఆకారం. స్కాన్‌లో మెడను అడ్డంగా చూసినప్పుడు గడ్డ లోతు 8 మి.మీ., వెడల్పు 11, కాబట్టి ఆకారానికి పాయింట్లు లేవు. వెడల్పు కంటే లోతే ఎక్కువై ఉంటే ఇంకో 3 కలిసి 7, అంటే టైరాడ్స్ 5. దానికి 1 సెం.మీ. నుంచే సూది వేస్తారు. టైరాడ్స్ 4 అయితే 1.5 సెం.మీ. ఉండాలి. అందుకే ఇప్పటికి సూది లేదు, ఏడాదికి మళ్లీ స్కాన్. అప్పుడు రెండు కొలతల్లో 20 శాతం, కనీసం 2 మి.మీ. పెరిగితే దాన్ని పెరుగుదలగా లెక్కిస్తారు.

మెడలో లింఫ్ గ్రంథులు కూడా చూడమని అడగండి. మొదటి రిపోర్టులో ఆ ఊసే లేదు.