బ్రాస్‌టౌన్ చెక్క జంతువులు: జానపద కళా, బడి చేయించిన సరుకా?

గట్టుమీద: నార్త్ కరోలినాలో, అపలాచియన్ కొండల్లో బ్రాస్‌టౌన్ అనే చిన్న ఊరుంది. అక్కడి రైతు కుటుంబాలు చెక్కిన కంచరగాడిదలు, పందులు, బాతులు జానపద కళగా పేరుపడ్డాయి. నాకు ఆ మాట మింగుడు పడదు. 1925లో మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, డెన్మార్క్ నమూనాలో అక్కడ జానపద పాఠశాల, అంటే పల్లెల్లో పెద్దవాళ్ళకి చదువూ పనీ నేర్పే బడి, పెట్టారు. చెక్కడం నేర్పిందీ, బొమ్మలు కొన్నదీ, బయట అమ్మిందీ ఆ బడే. ఇది జానపదం ఎలా అవుతుంది?

అట్లాంటా అబ్బాయి: కత్తి పట్టడం ఆవిడ నేర్పలేదుగా! ఊరి కొట్టు ముందు మగవాళ్ళు ఊసుపోక కూర్చున్న బెంచీనే చెక్కేస్తుంటే చూసి, ఈ చేతులకి పనిద్దామనుకున్నారని అక్కడ చెప్పుకుంటారు.

గట్టుమీద: బెంచీ గీకడం వేరు, బొమ్మ వేరు. 1930ల మధ్య నుంచి 1973 దాకా చెక్కేవాళ్ళకి దారి చూపింది మురియల్ మార్టిన్ అనే టీచరు. పొలాల్లోకి ట్రాక్టర్లొచ్చాక కూడా కంచరగాడిదే ఎందుకు చెక్కారు? కొనేవాళ్ళకి కొండ బతుకంటే అదే కాబట్టి.

తెల్లపొణికి: ఈ లెక్కన కొండపల్లినీ కొట్టేయాలి. అక్కడ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారనే చెప్పుకుంటారు. మూలం వదిలేసి పనితనం చూడండి. కొండపల్లిలో కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి రంగులేస్తారు. బ్రాస్‌టౌన్‌లో మాత్రం చాలావరకు ఒకే ముక్క. వాల్‌నట్, చెర్రీ, హాలీ చెక్కల సొంత రంగే రంగు. అతుకు లేదు కాబట్టి చెవి విరిగితే పనంతా పోయినట్టే. మొండికేసిన కంచరగాడిద చెవులు ఎలా వాలుస్తుందో దాంతో దున్నినవాడికి టీచరు చెప్పాలా?

గట్టుమీద: కొండపల్లిలో తండ్రి కొడుక్కి నేర్పాడండీ. ఇక్కడ క్లాసు!

అట్లాంటా అబ్బాయి: మొదట క్లాసే. తర్వాత భార్యాభర్తలు, పిల్లలు ఇంట్లోనే కూర్చుని చెక్కారు. 1930ల మాంద్యంలో ఆ కొండల్లో రొక్కం కళ్ళజూసే దారులు ఎన్నున్నాయి చెప్పండి?

గట్టుమీద: డబ్బొచ్చింది, కాదనను. అయితే కుటీర పరిశ్రమ అనండి, గొడవే లేదు.

తెల్లపొణికి: కొండపల్లి బొమ్మలు లేపాక్షి షోరూముల్లో అమ్మేది ప్రభుత్వ సంస్థే. సర్కారు అమ్మితే జానపదం, బడి అమ్మితే పరిశ్రమా?

గట్టుమీద: ఎవరు అమ్మారని కాదండీ నేనడిగింది. ఏం చెక్కాలో ఎవరు చెప్పారని. దానికి ఇద్దరూ జవాబివ్వలేదు.