డిసెంబరు వీకెండ్‌కి ప్రాణస్నేహితురాలు వైజాగ్ వస్తోంది, ఉన్న రెండు రోజులూ ఎలా గడపాలి?

ప్రశ్న: సీతమ్మధార98

తను ఉండేది ఢిల్లీలో. హైదరాబాదులో ఏదో పని పెట్టుకుని, అక్కణ్నుంచి శుక్రవారం రాత్రి రైలెక్కుతుంది. శనివారం తెల్లారేసరికి ఇక్కడ దిగి, ఆదివారం రాత్రి మళ్లీ బండెక్కాలి. టికెట్లు ఇంకా తీయలేదు. పెళ్లిళ్లయ్యాక మేమిద్దరం తీరిగ్గా కలవడం ఇదే మొదలు. తనకి మోకాలి ఆపరేషన్ అయింది. నడుస్తుంది గానీ మెట్లు ఎక్కువ ఎక్కలేదు. ఇంట్లో అందరూ అరకు తీసుకెళ్లమంటున్నారు. నాకేమో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని ఉంది. అలాగని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి పంపలేను. ఏ టైముకి ఎక్కడ ఉంటే బాగుంటుంది? అన్నట్టు, మన వైపు చేపల పులుసంటే తనకి ప్రాణం.

జవాబు: జ్ఞానాపురం గేటు

ముందు టికెట్ సంగతి చూడండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. డిసెంబరు శుక్రవారాలు త్వరగా నిండిపోతాయి కాబట్టి రానుపోను రెండూ ఒకేసారి తీసేయమనండి.

రెండోది, దిగే స్టేషన్ ‘విశాఖపట్నం’ అని ఉందో ‘దువ్వాడ’ అని ఉందో చూసుకోవాలి. మన స్టేషన్‌లోకి వచ్చిన బండి హౌరా వైపు వెళ్లాలంటే ఇంజన్ అటు నుంచి ఇటు మార్చాలి. ఆ ఆలస్యం లేకుండా ఒడిశా, బెంగాల్ వైపు పోయే కొన్ని బండ్లు దువ్వాడ నుంచి బైపాస్ లైన్‌లో సింహాచలం మీదుగా వెళ్లిపోతాయి, ఊళ్లోకి రావు. తెల్లవారుజామున దువ్వాడలో దిగితే గాజువాక, ఎన్‌ఏడీ కూడలి దాటి సీతమ్మధార చేరేసరికి గంట పోతుంది. ఆ వేళప్పుడు ఆటో వాళ్లు అడిగిందే రేటు. హైదరాబాదు నుంచి వైజాగ్‌లోనే ఆగిపోయే గోదావరి లాంటి బండైతే ఈ గొడవ ఉండదు, నిద్రపోయినా స్టేషన్ దాటిపోదు.

మీరు సీతమ్మధార నుంచి వస్తారు కాబట్టి ఒకటో ప్లాట్‌ఫాం వైపు నిలబడండి. జ్ఞానాపురం వైపు కూడా గేటుంది. ఏ వైపు రావాలో ముందే చెప్పకపోతే ఒకరు అటు, ఒకరు ఇటు నిలబడి ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది. మోకాలి మాట ఉంది గనుక ఓవర్‌బ్రిడ్జి మెట్లు ఎక్కించకుండా లిఫ్టు ఎటుందో చూసిపెట్టుకోండి.

జవాబు: భీమిలి గట్టు

అరకు వద్దండీ. రోడ్డు మీద పోను 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో అనంతగిరి ఘాట్ మలుపులు. డిసెంబరు ఆదివారం బొర్రా దగ్గర కార్లు బారులు తీరతాయి. పొద్దున కిరండూల్ రైల్లో వెళ్తే అరకు చేరడానికే నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో కిరండూల్ నుంచి వచ్చే బండి వైజాగ్ చేరేసరికి రాత్రవుతుంది, కొంచెం ఆలస్యమైతే మీ వాళ్ల హైదరాబాదు బండి తప్పిపోయినట్టే. బొర్రా గుహల్లో అన్నీ మెట్లే, పైగా తడి. ఆ మోకాలితో అస్సలు పనికిరావు.

శనివారం దిగగానే స్నానం, టిఫిను, ఒక నిద్ర. పొద్దున ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం నాలుగింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లండి. అక్కడ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ కురుసుర లోపలికి తనని ఎక్కించొద్దు. ఎక్కడానికి మెట్లు, లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి నడుం వంచి, కాలు బాగా పైకెత్తి దాటాలి. ఆపరేషన్ అయిన మోకాలికి అదే కష్టం. వెనక జనం తోసుకొస్తుంటే ఆగి ఊపిరి తీసుకోవడానికీ చోటుండదు. 91 మీటర్ల సబ్‌మెరైన్‌ని బయటినుంచి చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానానిదీ అదే కథ. గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తినండి. నిమ్మకాయ ఎక్కువ, ఉల్లిపాయ సన్నగా అని ముందే చెప్పండి, కలిపాక అడిగితే మరమరాలు మెత్తబడిపోతాయి.

నీళ్లలో పాదాలు తడుపుకోవడం వరకే. ఆర్కే బీచ్‌లో ఒడ్డు ఉన్నట్టుండి లోతుగా దిగిపోతుంది, వెనక్కి పోయే అల కాళ్లకింద ఇసుకని లాగేస్తుంది. మోకాలు పట్టు తప్పేది సరిగ్గా అక్కడే. యారాడ బీచ్ ఇంకా ప్రమాదం.

ఆదివారం మాత్రం పెందలాడే లేవాలి. మనది తూర్పు తీరం, సముద్రంలో సూర్యుడు పుట్టడం చూడాలి, సాయంత్రం అస్తమించేది కొండల వెనకే. డిసెంబరు మధ్యలో సూర్యోదయం 6:15 ప్రాంతంలో. ఆరింటికల్లా తెన్నేటి పార్కు దగ్గర ఉండండి, కూర్చోవడానికి బెంచీలున్నాయి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర నడిచేవాళ్ల కోసం రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కాబట్టి కారుని అటు తిప్పకండి, ఎంవీపీ మీదుగా రండి.

అక్కణ్నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ దాటి భీమిలి. దారిలో తొట్లకొండకి పైదాకా వాహనం వెళ్తుంది, అక్కడి బౌద్ధ స్తూపం చుట్టూ నిదానంగా తిరగొచ్చు. ఎనిమిదిన్నరలోపు చూసేయండి. నీడ తక్కువ, నీళ్ల సీసాలు కింది నుంచే తీసుకెళ్లాలి. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం దిగనివ్వకండి. మెత్తటి ఇసుక, ఏటవాలు, మలుపులన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతారు. అంచున నిలబడి చూస్తే చాలు. తర్వాత భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట కూర్చోండి. ఎంతసేపు కూర్చున్నా లేవబుద్ధి కాదు, మీకు కావలసింది అదే కదా.

యాప్ కారులో వెళ్లి దిగిపోకండి, భీమిలి నుంచి తిరుగు కారు దొరక్క ఎండలో నిలబడాలి. రానుపోను, వెయిటింగుతో కలిపి ముందే మాట్లాడుకోండి. తొట్లకొండ పైకి ఎక్కించడం కూడా బేరంలోనే చెప్పాలి, లేదంటే కిందే దింపుతామంటారు.

జవాబు: హార్బర్ వంటిల్లు

పులుసు శుక్రవారం రాత్రే వండేయండి. రాత్రంతా నానితే ముక్కకి ఉప్పు, పులుపు పడుతుంది. శనివారం మీరు వంటింట్లో, తను హాల్లో కూర్చునే పనీ ఉండదు.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామునే వెళ్లండి. కోనాం (వంజరం) చేప కొనండి. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి పోకూడదు, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ముక్కలు అంగుళం మందాన అడ్డంగా కొట్టించండి, పల్చగా ఉంటే మర్నాడు వేడిచేసేటప్పుడు విడిపోతాయి. వండేది రాత్రి కదా, అప్పటిదాకా ఉప్పు, పసుపు రాసి ఫ్రిజ్‌లో ఉంచండి.

కిలో ముక్కలకి 60 గ్రాముల చింతపండు, పెద్ద ఉల్లిపాయలు మూడు, పచ్చిమిర్చి ఆరు, కారం మూడు చెంచాలు, నూనె 100 మిల్లీలీటర్లు. ఉల్లి ముద్ద నూనె తేలేదాకా వేగాలి. అక్కడ తొందరపడితే పులుసులో పచ్చివాసన మిగిలిపోతుంది. చింతపండు రసం పోసి పది నిమిషాలు మరిగాకే ముక్కలు వేయండి. తర్వాత గరిటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టుకుని కుదపాలి. సన్నని సెగ మీద పన్నెండు నిమిషాలు చాలు. దింపే ముందు మెంతిపిండి పావు చెంచా, అంతకు మించితే చేదెక్కుతుంది. బాగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంతే వేరే గిన్నెలోకి తీసి వేడిచేయండి.

ప్రశ్న: సీతమ్మధార98

గోదావరికే తీయమన్నాను. అరకు మాట ఇంట్లో ఆపేశాను. తనతో పంపడానికి మాడుగుల హల్వా అయితే ఢిల్లీ దాకా ఆగుతుందా?

జవాబు: హార్బర్ వంటిల్లు

ఆగుతుంది. గోధుమపాలు, నెయ్యి, పంచదార బాగా దగ్గరపడేదాకా వండుతారు కాబట్టి చలికాలంలో బయటే నిలవుంటుంది. ఆ రోజు తయారైందే అడిగి తీసుకోండి. ఎండకి నెయ్యి కారుతుంది గనుక డబ్బాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బ్యాగులో బట్టల మధ్య నిలువుగా కాకుండా పడుకోబెట్టి సర్దండి.